టూసాన్ సెక్టార్ కేస్ స్టడీ: సరిహద్దు నిర్బంధంపై విద్యార్థుల పని, దాని వెనకున్న రికార్డు

అమెరికా సరిహద్దు గస్తీ దళమైన బోర్డర్ పెట్రోల్ లెక్కలో టూసాన్ సెక్టార్ అంటే అరిజోనాలో మెక్సికోను ఆనుకుని ఉన్న 262 మైళ్ల సరిహద్దు. 1994లో అమెరికా ప్రభుత్వం పట్టణాల దగ్గర కాపలా బిగించి, దాటాలనుకునేవాళ్లు కష్టమైన దారి పట్టేలా చేసే వ్యూహం తీసుకుంది. ఎల్ పాసో, సాన్ డియేగో వైపు దారులు మూసుకుపోయేసరికి జనం సొనోరన్ ఎడారిలోకి మళ్లారు. ఎడారిని చూసి ఆగిపోతారన్నది ప్రభుత్వం లెక్క. వాళ్లు ఆగలేదు, దారిలో చనిపోయారు. 2000 నుంచి పిమా కౌంటీలో శవపరీక్షలు చేసే మెడికల్ ఎగ్జామినర్ ఆఫీసుకు చేరిన వలసదారుల మృతదేహాలు, అవశేషాలు 3 వేలు దాటాయి. వాటిలో చాలావాటికి ఇప్పటికీ పేరు దొరకలేదు.

ఈ సెక్టార్‌లో 20 ఏళ్లుగా పనిచేస్తున్న స్వచ్ఛంద బృందాల్లో కాలేజీ విద్యార్థులు, అప్పుడే డిగ్రీ పూర్తిచేసినవాళ్లు ఎప్పుడూ ఎక్కువే. 2004లో టూసాన్‌లో మొదలైన నో మోర్ డెత్స్, అంతకుముందు 2000లో మొదలై నీలి జెండాల కింద నీటి పీపాలు పెడుతున్న హ్యూమేన్ బోర్డర్స్, సరిహద్దు పట్టణం నోగాలెస్‌లో తిరిగి పంపేసినవాళ్లకు అన్నం పెట్టే కినో బోర్డర్ ఇనిషియేటివ్ వాటిలో ముఖ్యమైనవి. ఊరేగింపులు, ప్లకార్డులు, సంతకాలు కూడా జరిగాయి. కానీ ఏది నిలబడింది, ఏది కోర్టు గుమ్మం దాటగలిగింది అని చూస్తే మిగిలింది రికార్డు ఒక్కటే. అందరూ ఒకే పద్ధతిలో, అప్పటికప్పుడు, అంకెలతో రాసిన రికార్డు. ఆ రికార్డు ఎలా పుడుతుంది, ఎక్కడ చెడుతుంది అన్నదే ఇక్కడి విషయం.

నీళ్ల డబ్బాల లెక్క

ఒక గ్యాలన్ నీళ్ల బరువు 3.8 కిలోలు. వేసవిలో 40 డిగ్రీలు దాటిన ఎండలో కొండలెక్కి దిగే మనిషికి రోజుకు ఒక గ్యాలన్ చాలదు. నడక మూడు నాలుగు రోజులు, దారి తప్పితే ఇంకా ఎక్కువ. అన్ని రోజులకు సరిపడా నీళ్లు మోసే బలం ఏ మనిషికీ ఉండదు. నీటి కేంద్రాలు పెట్టడానికి కారణం ఇదే, ఇందులో రాజకీయం వెతకనక్కర్లేదు.

డబ్బాలు పెట్టి వచ్చేస్తే అది దానం అవుతుంది. దాన్ని సాక్ష్యంగా మార్చేది వెనక్కి వెళ్లి చేసే లెక్క. ప్రతి డబ్బా మీద తేదీ, కేంద్రం నంబరు నల్ల మార్కర్‌తో రాయాలి. కేంద్రానికి జీపీఎస్ గుర్తులుండాలి. మళ్లీ వెళ్లినప్పుడు ఎన్ని నిండుగా ఉన్నాయి, ఎన్ని వాడారు, ఎన్ని పాడయ్యాయి అని విడివిడిగా రాయాలి. పాడైన డబ్బాను చేతిలోకి తీసుకుని చూడాలి. కత్తి గాటు అంచు తిన్నగా, శుభ్రంగా ఉంటుంది. ఎక్కువగా అడుగునో, పక్కనో కనిపిస్తుంది. జంతువు కొరికితే చిన్న చిన్న రంధ్రాలు గుంపుగా ఉంటాయి, చుట్టూ ప్లాస్టిక్ నలిగి ఉంటుంది. ఎండకు పెళుసైన డబ్బా అతుకు వెంట చీలుతుంది, పట్టుకుంటే పొడిపొడిగా విరుగుతుంది. ఏదో తేలకపోతే 'తెలియదు' అని రాయాలి. ఆ కాలమ్ ఖాళీగా ఉన్న షీట్‌ను నేను నమ్మను. ప్రతిదానికీ కారణం దొరికిందంటే ఎక్కడో ఊహించి రాశారనే అర్థం.

ఈ క్రమశిక్షణ వల్లే 2018 జనవరి 17న నో మోర్ డెత్స్ మరో స్థానిక సంస్థతో కలిసి విడుదల చేసిన నివేదికకు బరువు వచ్చింది. అరివాకా ఊరి చుట్టుపక్కల సుమారు 800 చదరపు మైళ్లలో, 2012 నుంచి 2015 వరకు, 31,558 గ్యాలన్లు పెట్టారు. వాటిలో 86 శాతం వాడుకలోకి వెళ్లింది. 415 సందర్భాల్లో కలిపి 3,586 గ్యాలన్లు మనుషుల చేతుల్లో ధ్వంసమయ్యాయి. ఇక్కడ గమనించాల్సింది మొత్తం అంకె. 'డబ్బాలు కోసేస్తున్నారు' అంటే అది ఆరోపణే. ఎన్ని పెడితే ఎన్ని కోశారో, ఏ తేదీల మధ్య, ఏ నేల మీద కోశారో చెప్పగలిగితే దాన్ని మ్యాపు మీద పెట్టి పరీక్షించవచ్చు, కాదనేవాళ్లు కూడా అంకెలతోనే కాదనాలి. కొత్త బృందాలు చాలావరకు పాడైనవాటి ఫొటోలు తీస్తాయి, బాగున్నవాటిని లెక్కపెట్టవు. అలా చేస్తే భాగహారంలో కింది అంకె పోతుంది, దాంతో మొత్తం పనే పోతుంది.

చట్టం ఎక్కడ తగులుతుంది

అదే రోజు, నివేదిక వచ్చిన కొన్ని గంటలకే, అజో పట్టణంలో స్కాట్ వారెన్‌ను అరెస్టు చేశారు. ఆయన భూగోళశాస్త్ర అధ్యాపకుడు, ఇద్దరు వలసదారులకు తిండి, పడక ఇచ్చారు. ఆశ్రయమిచ్చినందుకు, కుట్ర చేసినందుకు అంటూ మోపిన అభియోగాలన్నీ రుజువైతే 20 ఏళ్ల దాకా జైలు. 2019 జూన్‌లో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. నవంబరు 20న రెండో విచారణలో ఆశ్రయం అభియోగాల మీద నిర్దోషిగా బయటపడ్డారు.

అంతకుముందు కేసులు కూడా విద్యార్థులు చదివి తీరాలి. 2005 జులైలో 23 ఏళ్ల వాలంటీర్లు ఇద్దరు, ఫోన్లో వైద్య సలహా తీసుకుని, జబ్బుపడ్డ ముగ్గురిని కారులో టూసాన్‌కు తీసుకెళ్తుంటే అరెస్టయ్యారు. ఆ కేసు కొట్టేయడానికి 2006 సెప్టెంబరు దాకా పట్టింది. 2008లో వన్యప్రాణి రక్షిత ప్రాంతంలో నీళ్ల డబ్బాలు పెట్టిన వాలంటీరు మీద చెత్త వేశాడని కేసు పెట్టారు. 2010లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ శిక్షను రద్దు చేసింది. 2017 ఆగస్టులో కబెసా ప్రియెటా రక్షిత ప్రాంతంలో నీళ్లు, డబ్బా ఆహారం పెట్టిన నలుగురు మహిళలను 2019 జనవరిలో దోషులుగా తేల్చారు, 2020 ఫిబ్రవరిలో మతస్వేచ్ఛ చట్టం ఆధారంగా జిల్లా న్యాయమూర్తి దాన్ని కొట్టేశారు.

అన్నీ చివరికి అనుకూలంగానే ముగిశాయి కదా అని ధైర్యపడకూడదు. ఒక్కో కేసు ఏడాదికి పైగా మనిషి జీవితాన్ని పట్టి ఉంచింది. పాఠాలు సూటిగానే ఉన్నాయి. నీళ్లు, తిండి, ప్రథమచికిత్స ఇవ్వడం ఒక సంగతి, బండి ఎక్కించుకోవడం మరో సంగతి. అమెరికా కోడ్ 8వ టైటిల్ (వలస చట్టం) సెక్షన్ 1324 రవాణాను, ఆశ్రయాన్ని విడివిడిగా నేరాలుగా పేర్కొంటుంది. ప్రాణాపాయం ఉంటే 911కు ఫోన్ చేసి, చేసిన సమయం, చెప్పిన లొకేషన్ రాసుకోవాలి. ఇక రెండోది నేల. అటవీ శాఖ భూమి, రక్షిత ప్రాంతం, ప్రైవేటు పొలం, తొహోనో ఓధామ్ తెగ భూమి, దేని నియమం దానిదే. అనుమతి పత్రాన్ని ప్రతిసారీ మొదటి నుంచి చివరి దాకా చదవాలి. 2017 జులైలో కబెసా ప్రియెటా అనుమతి ఫారంలో నీళ్లు, ఆహారం, మందులు, దుప్పట్లు వదిలిపెట్టకూడదని కొత్త పేరా చేర్చారు. పాత ఫారం గుర్తుతో సంతకం పెట్టేవాళ్లు చిక్కుకునేది అక్కడే.

నోగాలెస్‌లో ఇంటర్వ్యూ

ఎడారి పని అందరి కళ్లకూ కనిపిస్తుంది. విద్యార్థులు ఇంకా లోతుగా పనికొచ్చింది మాత్రం ఇంటర్వ్యూల్లో. పట్టుబడినవాళ్లను బోర్డర్ పెట్రోల్ స్టేషన్ల గదుల్లో ఉంచుతారు. లోపలికి లాయర్లకు, కుటుంబానికి, పత్రికలకు ప్రవేశం ఉండదు. లోపల ఏం జరిగిందో చెప్పగలిగేది అక్కడ ఉండి వచ్చినవాళ్లే, వాళ్లు దొరికేది గేటు అవతల, మెక్సికో వైపు నోగాలెస్‌లో. 2008 చివరి నుంచి 2011 వసంతం వరకు నో మోర్ డెత్స్ వాలంటీర్లు ఇలా 4,130 ఇంటర్వ్యూలు చేశారు. 12,895 మంది అనుభవాలు వాటిలో నమోదయ్యాయి, ఎందుకంటే ఒకరు తమతో ఉన్నవాళ్ల గురించీ చెప్పేవారు. రెండు రోజులకు పైగా ఉంచినవాళ్లలో భోజనం అనదగ్గది దొరికింది 20 శాతం మందికే అని 2011లో వాళ్లు విడుదల చేసిన నివేదికలో తేలింది.

ఫారం ఎలా ఉండాలన్నది చిన్న విషయం కాదు. 'మీతో బాగా ప్రవర్తించారా?' అని అడిగితే ఎక్కువమంది 'బాగానే' అంటారు. భయం ఉంటుంది, అలసట ఉంటుంది, ఇంతకన్నా ఘోరం చూసి వచ్చిన మనసూ ఉంటుంది. 'తినడానికి ఏమిచ్చారు, ఎన్నిసార్లు ఇచ్చారు?' అని అడిగితే బిస్కట్లు, జ్యూసు డబ్బా, బురీతో అని లెక్క చెబుతారు. 'చలి వేసిందా?' అనే బదులు 'ఒంటి మీద ఏమున్నాయి, కప్పుకోవడానికి ఏమిచ్చారు, ఎక్కడ పడుకున్నారు?' అని అడగాలి. సిమెంటు నేల, బెంచీ, మరుగుదొడ్డి పక్కన, అలా వస్తాయి జవాబులు. జవాబును ప్రశ్నలో పెట్టి అందించకూడదు. 'నీళ్లు ఇవ్వలేదు కదా?' అన్న ఒక్క ప్రశ్నతో ఆ షీటు కోర్టులో పనికిరాకుండా పోతుంది.

అన్నిటికన్నా కష్టమైనది కాలం. గదిలో లైట్లు రాత్రంతా ఆర్పరు, గడియారం ఉండదు, చేతి వాచీ, ఫోను తీసేసుకుంటారు. 'ఎన్ని గంటలున్నారు?' అంటే నోటికొచ్చిన అంకె వస్తుంది. అందుకని చివరి నుంచి వెనక్కి రావాలి. గేటు దాటింది ఎప్పుడు, అంతకుముందు బస్సెక్కించినప్పుడు చీకటా, వెలుతురా, ఎన్నిసార్లు తిండి వచ్చింది, పట్టుకున్నప్పుడు ఎండ ఎటు ఉంది. తర్వాత వాళ్ల చేతిలో ఉన్న బహిష్కరణ కాగితాలు చూడాలి. ఐ-860, ఐ-296 ఫారాల మీద తేదీలుంటాయి. చెప్పిన కాలం, కాగితం మీది తేదీ రెండూ రాయాలి, ఒకదాన్ని చూసి మరొకదాన్ని దిద్దకూడదు. తేడా ఉంటే ఉండనివ్వాలి.

పట్టుకున్న సమయం వేరు, స్టేషన్లో నమోదు చేసిన సమయం వేరు. మధ్యలో కొండ మీద, వ్యానులో గడిచిన గంటలుంటాయి. ఈ రెండిటికీ వేర్వేరు గడులు లేని ఫారం తర్వాత పెద్ద నష్టం చేస్తుంది. ఎందుకో కింద కోర్టు ఆదేశం దగ్గర తెలుస్తుంది.

వస్తువుల గురించి తప్పకుండా అడగాలి. బోర్డర్ పెట్రోల్ తీసుకున్న సామాన్లు 30 రోజుల దాకానే ఉంచుతారు. గుర్తింపు కార్డు, ఫోను, డబ్బు లేకుండా తెలియని ఊళ్లో అర్ధరాత్రి దింపితే ఆ మనిషి దోపిడీగాళ్ల చేతికి చిక్కినట్టే. కేసులూ నివేదికలూ ఏళ్ల తరబడి సాగుతాయి, సామాను తిరిగి ఇప్పించడం మాత్రం ఆ వారంలోనే చేయగల సాయం. ఇంటర్వ్యూ ఇచ్చిన మనిషికి ముందు ఇది చేయాలి.

వాంగ్మూలాన్ని కోర్టుకు పనికొచ్చేలా చేయడానికి నోటరీ అక్కర్లేదు. అమెరికా కోడ్ 28వ టైటిల్ సెక్షన్ 1746 ప్రకారం, అబద్ధమైతే శిక్షకు బాధ్యుణ్ణని చెప్పి, తేదీ వేసి సంతకం పెడితే చాలు. అయితే సంతకం అమెరికా బయట జరిగితే 'అమెరికా సంయుక్త రాష్ట్రాల చట్టాల కింద' అన్న మాటలు తప్పనిసరి. నోగాలెస్ గేటుకు అవతల కూర్చుని ఇవతలి నమూనా వాడేసిన కాగితాలతో లాయర్లు తలపట్టుకుంటారు. అనువాదకుడి ధ్రువీకరణ విడిగా ఉండాలి. ఏ భాషలో చదివి వినిపించారో, ఆ మనిషి ఏం సరిదిద్దాడో అందులో రాయాలి. గ్వాటెమాలా నుంచి వచ్చినవాళ్లందరికీ స్పానిష్ బాగా వచ్చనుకోవడం మామూలుగా జరిగే తప్పు. మామ్, కంజోబాల్ అనే మాయా భాషలు మాట్లాడేవాళ్లు మర్యాదకు తల ఊపుతారు. ఆ తల ఊపును 'అవును' అని రాసుకుంటే ఆ మనిషికి అన్యాయం చేసినట్టే.

48 గంటలు

2015 జూన్‌లో ఈ స్టేషన్ల పరిస్థితుల మీద అరిజోనా ఫెడరల్ జిల్లా కోర్టులో నిర్బంధితుల తరఫున సామూహిక వ్యాజ్యం పడింది. 2011 నివేదికే కేసును గెలిపించిందనడం నిజం కాదు. లోపల ఉన్నవాళ్ల కొత్త వాంగ్మూలాలు, నిపుణుల తనిఖీ, అన్నిటికన్నా ఎక్కువగా స్టేషన్ల సొంత వీడియోలు, సొంత రిజిస్టర్లు గెలిపించాయి. కొన్ని వీడియోలు చెరిపేసినందుకు కోర్టు ప్రభుత్వం మీద చర్య తీసుకుంది. 2016లో బయటపెట్టిన చిత్రాల్లో వెండిరంగు పల్చని కాగితం దుప్పట్లు చుట్టుకుని, సిమెంటు నేల మీద ఒకరినొకరు ఆనుకుని పడుకున్న మనుషులు కనిపించారు. ఏళ్ల కిందట నోగాలెస్‌లో చెప్పిన మాటలకు అవి సరిగ్గా సరిపోయాయి. ఎక్కడ వెతకాలో, ఏ రికార్డు అడగాలో ఇంటర్వ్యూలు చెబుతాయి, రుజువు అవతలి పక్షం బీరువాలో ఉంటుంది. విద్యార్థి బృందాలు దీన్ని మనసులో పెట్టుకుని ఫారం రాయాలి. స్టేషన్ పేరు, గది వివరం, తేదీ ఉంటే లాయరు ఆ గది వీడియోను అడగగలడు. అవి లేని కన్నీటి కథతో లాయరు ఏమీ చేయలేడు.

2016 నవంబరులో జడ్జి డేవిడ్ బరీ, 12 గంటలు దాటి ఉంచినవాళ్లకు చాప, దుప్పటి ఇవ్వాలని తాత్కాలిక ఆదేశమిచ్చారు. 2020 జనవరిలో విచారణ, ఫిబ్రవరిలో తీర్పు, ఏప్రిల్‌లో శాశ్వత ఆదేశం. స్టేషన్లో నమోదైన 48 గంటల తర్వాత కూడా ఎవరినైనా ఉంచాలంటే దుప్పటితో పడక, స్నానం, సరిపడా తిండి, తాగే నీళ్లు, వైద్య సిబ్బంది చేసే పరీక్ష ఉండాలి. మరుగుదొడ్డి భాగంలో పడుకోబెట్టకూడదు. గడియారం మొదలయ్యేది పట్టుకున్నప్పుడు కాదు, నమోదు చేసినప్పుడు. 'మూడు రోజులు ఉంచారు' అన్న మాట ఆదేశ ఉల్లంఘన అవునో కాదో తేలేది ఆ రెండు గడులు విడిగా ఉన్న ఫారం వల్లే.

పిల్లల విషయంలో దారి వేరు. నిర్బంధంలో పిల్లల్ని ఎలా చూడాలో చెప్పే 1997 ఫ్లోరెస్ ఒప్పందం ఉంది, తోడు లేని పిల్లల్ని మామూలుగా 72 గంటల్లో ఆరోగ్య శాఖకు అప్పగించాలన్న 2008 చట్టం ఉంది. సబ్బు, నిద్ర ఏర్పాటు, సరైన తిండి లేకుండా ఏ గదినీ 'సురక్షితం, పరిశుభ్రం' అనలేమని 2019 ఆగస్టులో తొమ్మిదో సర్క్యూట్ తేల్చింది. పిల్లలతో ఇంటర్వ్యూలు విద్యార్థులు ఒంటరిగా చేయకూడదు, లాయరు గానీ శిక్షణ పొందిన సామాజిక కార్యకర్త గానీ పక్కన ఉండాలి.

ఫిర్యాదులు, క్యాంపస్

అధికారిక ఫిర్యాదుల మీద ఆశ తక్కువ పెట్టుకోవాలి. 2009 జనవరి నుంచి 2012 జనవరి మధ్య బోర్డర్ పెట్రోల్ సిబ్బంది మీద వచ్చిన 809 ఫిర్యాదులను సమాచార హక్కు ద్వారా రాబట్టి చూస్తే, నిర్ణయం వెలువడినవాటిలో 97 శాతానికి 'చర్య లేదు' అన్న జవాబే ఉంది. అయినా పెట్టాలి, ఎందుకంటే ఆ 97 శాతం అంకె పుట్టింది ఫిర్యాదులు పెట్టబట్టే. 2025 మార్చిలో, బోర్డర్ పెట్రోల్‌కు పై శాఖ అయిన హోంలాండ్ సెక్యూరిటీ శాఖ తన పౌరహక్కుల కార్యాలయాన్ని దాదాపు ఖాళీ చేసింది. కాబట్టి ఇప్పుడు ప్రతి ఫిర్యాదు నకలూ ఆ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్‌కు, ఆ వ్యక్తి రాతపూర్వక సమ్మతి జతచేసి అమెరికా ప్రతినిధుల సభలో ఆ ప్రాంత సభ్యుడి ఆఫీసుకు కూడా వెళ్లాలి. సమ్మతి పత్రం లేకపోతే ఆ ఆఫీసు నోరు విప్పదు. సమాచార హక్కు దరఖాస్తుకు చట్టం చెప్పే గడువు 20 పనిదినాలు. ఆచరణలో ఎంతో ఎక్కువ పడుతుంది కనుక సెమిస్టర్ మొదటి వారంలోనే వేసేయాలి.

2019 మార్చిలో అరిజోనా విశ్వవిద్యాలయంలో ఒక క్లబ్బుకు మాట్లాడటానికి వచ్చిన బోర్డర్ పెట్రోల్ ఏజెంట్లకు ఎదురుగా విద్యార్థినులు నినాదాలిచ్చారు. ముగ్గురి మీద చిన్న నేరాల కేసులు పెట్టి, తర్వాత వెనక్కి తీసుకున్నారు. వాళ్ల కోపం న్యాయమైనదే. దానికి దేశమంతా కవరేజీ వచ్చింది, కానీ చర్చంతా మాట్లాడే హక్కు చుట్టూ తిరిగింది, గదుల్లో ఉన్న మనుషులు వెనక్కి పోయారు. నినాదం ఇచ్చే రోజున చేతిలో ఒక పేజీ ఉండాలి. ఏ స్టేషన్లు, ఏ అంకెలు, ఏం కోరుతున్నాం అన్నవి అందులో ఉంటే విలేఖరి అది పట్టుకెళ్తాడు.

మన విద్యార్థుల సంగతి

అమెరికాలో ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్న తెలుగు పిల్లలు ఈ పనిలోకి వస్తామంటే సంతోషమే, కానీ ఏ పని అన్నది ముందే తేల్చుకోవాలి. 2025 వసంతంలో చిన్న పోలీసు కేసుల ఆధారంగా కూడా వేలమంది సెవిస్ రికార్డులు (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్‌లోని నమోదు) రద్దు చేశారు, కోర్టులకెక్కాక పునరుద్ధరించారు. ఎడారి నడక, బండి నడపడం, నోగాలెస్ గేటు దాటడం ఎఫ్-1 వాళ్లు చేయవద్దు. టూసాన్ నుంచి నోగాలెస్ వెళ్లే ఐ-19 రోడ్డు మీద ఉత్తరంగా తిరిగొచ్చేటప్పుడు బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టు ఉంది. సరదాగా వెళ్లినా పాస్‌పోర్టు, ఐ-20 (కాలేజీ ఇచ్చే పత్రం), ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) దగ్గరుండాలి. డేటా కోడింగ్, మ్యాపులు, సమాచార హక్కు దరఖాస్తులు, వాంగ్మూలాలను డేటాబేస్‌లోకి ఎక్కించడం బల్ల దగ్గర కూర్చుని చేసే పనులు, వాటికే మనుషులు ఎప్పుడూ తక్కువ. సరిహద్దులో పంజాబీ, గుజరాతీ మాట్లాడేవాళ్లు తగులుతుంటారు. హిందీ వచ్చిన తెలుగు విద్యార్థి పలకరింపుకు పనికొస్తాడు, వాంగ్మూలానికి పంజాబీ అనువాదకుణ్ణే పెట్టాలి.

ఈ నైపుణ్యం మనకూ అవసరపడింది. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ పేరుతో అధికారులే నడిపిన నకిలీ యూనివర్సిటీ కేసులో దాదాపు 130 మంది విద్యార్థులు నిర్బంధంలోకి వెళ్లారు. అందులో తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. అలాంటప్పుడు మొదటి ప్రశ్న మనిషి ఎక్కడున్నాడన్నది. వలస నిర్బంధాలు చూసే సంస్థ ఐస్ (ICE) ఆన్‌లైన్ లొకేటర్‌లో వెతకడానికి ఏ-నంబరు (వలస అధికారులు మనిషికి ఇచ్చే గుర్తింపు నంబరు), పుట్టిన దేశం కావాలి. నంబరు లేకపోతే పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు కొట్టాలి. మన ఇంటిపేర్లు ముందువెనకలవుతాయి కనుక రెండు వరుసల్లోనూ ప్రయత్నించాలి. 18 ఏళ్లలోపు పిల్లలు అందులో కనిపించరు. సరిహద్దు సంస్థ చేతిలో ఉన్నవాళ్లు 48 గంటలు దాటాకే కనిపిస్తారు.

సెమిస్టర్ చివర

విద్యార్థి బృందాలు కూలేది అరెస్టుల వల్ల కాదు, మే నెల వల్ల. నడిపించిన ఇద్దరు పట్టా పుచ్చుకుని వెళ్లిపోతారు, పాస్‌వర్డులు వాళ్ల ఫోన్లలో ఉండిపోతాయి, సెప్టెంబరులో వచ్చినవాళ్లు కొత్త ఫారం తయారుచేస్తారు. ఫారం మారిందంటే రెండేళ్ల లెక్కలు పోల్చడానికి వీల్లేకుండా పోతాయి. ప్రశ్న మార్చాల్సి వస్తే పాతదాన్ని ఉంచి కొత్తదాన్ని కింద చేర్చండి, మార్చిన తేదీ రాయండి. అసలు వాంగ్మూలాలు లాయరు దగ్గరో, విశ్వవిద్యాలయ లా క్లినిక్ దగ్గరో ఉండాలి. విద్యార్థుల డ్రైవ్‌లో పేర్లు తీసేసి, నంబర్లతో ఉన్న నకళ్లు మాత్రమే ఉంచాలి. పేరుకూ నంబరుకూ లంకె చూపే జాబితా వేరే చోట, తాళం కింద ఉండాలి. పెండింగులో ఉన్న ప్రతి సమాచార హక్కు దరఖాస్తుకు ట్రాకింగ్ నంబరు, చివరి జవాబు తేదీ, అప్పీలు గడువు ఒక పేజీలో రాసి, వచ్చే ఏడాది ఉండే ఇద్దరి చేత సంతకం పెట్టించుకోవాలి. దరఖాస్తును తిరస్కరిస్తే అప్పీలుకు 90 రోజులు ఉంటుంది. ఏప్రిల్‌లో తిరస్కరణ వస్తే ఆ గడువు సరిగ్గా వేసవి సెలవుల్లో ముగుస్తుంది. ఆ అప్పీలు మేలోనే వేసి వెళ్లాలి.